మేం టిఫిన్ తింటాం, కానీ మా పాప ఎప్పుడూ చూడలేదు

"మా బాబుకి ఏడేళ్లు. పొద్దున ఏం పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోతాడు. మా ఇద్దరికీ పొద్దున తినే అలవాటు పెద్దగా లేదు. మా వల్లే వాడికీ వచ్చిందా, లేక ఈ వయసులో పిల్లలంతా ఇంతేనా?" అని అడిగారు కదా. రెండేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే అడిగాను, కాకపోతే మా అక్కని. పిల్లలంతా కొంతవరకు అంతేనండి. మా ఇంట్లో మాత్రం తప్పు చాలావరకు మాదేనని తేలింది. ఎలా తేలిందో చెప్తాను, మీకు ఎంతవరకు పనికొస్తుందో చూసుకోండి.

మాది వైజాగ్‌లో కూర్మన్నపాలెం. నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో పని చేస్తాను. కంపెనీ బస్సు మా స్టాప్‌కి 6.50కి వస్తుంది. అప్పట్లో ఇంట్లో టీ తాగి పరిగెత్తేవాడిని, 8.30కి క్యాంటీన్‌లో టిఫిన్ చేసేవాడిని. మా ఆవిడ పాపని 7.40కి వ్యాన్ ఎక్కించి, ఇల్లు సర్దుకుని, స్నానం చేసి దీపం పెట్టాక ఏ పదిన్నరకో మిగిలిన ఇడ్లీలో, చల్లారిపోయిన ఉప్మానో తినేది. ఎవరైనా అడిగితే "మేం రోజూ టిఫిన్ తింటామండీ" అనే చెప్పేవాళ్లం. అబద్ధం కూడా కాదు.

పాప అప్పుడు రెండో తరగతి. ఒక్క ఇడ్లీ చుట్టూ ఇరవై నిమిషాలు కూర్చునేది. తుంచిన ముక్కలన్నీ ప్లేటు అంచు మీద గడియారంలో అంకెల్లా వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ చట్నీలో ముంచి మళ్లీ అక్కడే పెట్టేది. వాళ్లమ్మ వెనక నిలబడి జడ వేస్తూ, దువ్వెన పట్టుకున్న చేత్తోనే ముక్క నోట్లో కుక్కేది. అది నమలకుండా బుగ్గన పెట్టుకుని నీళ్లతో మింగేది. ఇంతలో కింద వ్యాన్ హారన్. ప్లేటు సింకులోకి, పాప మెట్ల మీదకి. ఇదంతా మా ఆవిడ చెప్పగా తెలిసిందే తప్ప, నేను చూసింది సెలవు రోజుల్లోనే.

అందరూ చేసేవే మేమూ చేశాం. కార్న్‌ఫ్లేక్స్, జామ్ బ్రెడ్, ఫోన్లో చూసి చేసిన చేప ఆకారం దోశ (చేపని మెచ్చుకుంది, తినలేదు). తింటే చాక్లెట్ అన్నాం, నాలుగు రోజులు నడిచింది. ఏమీ తినకపోయినా కనీసం ఇది తాగుతుంది కదా అని చాక్లెట్ పొడి కలిపిన పాలు గ్లాసు నిండా ఇచ్చేవాళ్లం. అది ఇంకో పొరపాటు. అన్ని పాలు పట్టిన కడుపులో ఇడ్లీకి చోటెక్కడ? పైగా డబ్బా వెనక చక్కెర ఎంతుందో ఒకసారి చదివాక మనసొప్పలేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ కూడా ఇలాంటి పొడులని 'హెల్త్ డ్రింకులు' అనే విభాగంలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ షాపులకి చెప్పింది.

అసలు సంగతి నాకు అర్థమైంది ఒక ఆదివారం. మా అక్క కూతురు వచ్చింది, పిల్లలిద్దరూ హాల్లో లక్కపిడతలాట ఆడుకుంటున్నారు. మా పాప 'అమ్మా నాన్నా' రెండూ తనే. బొమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టి ముందు చిన్న ప్లేటు పెట్టింది. తను మాత్రం కూర్చోలేదు. ఖాళీ స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని, నిలబడే ఊదుకుంటూ తాగుతున్నట్టు నటిస్తూ, "తిను తిను, నాకు బస్సు టైమ్ అయిపోతోంది" అంది బొమ్మతో. మా మేనకోడలు "మరి నువ్వు తినవా?" అంటే, "పెద్దవాళ్లు తినరు, పిల్లలకే పెడతారు" అంది. చాలా మామూలుగా అంది, వీధి లైట్లు రాత్రే వెలుగుతాయి అన్నట్టు.

నేను సోఫాలో ఉన్నాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. దాని లెక్కలో తప్పేముంది? నేను ఎనిమిదిన్నరకి పరవాడలో తినే పూరీ దానికి కనబడదు. పదిన్నరకి వాళ్లమ్మ తినేటప్పుడు అది క్లాసులో ఉంటుంది. టిఫిన్ అంటే పిల్లల్ని కూర్చోబెట్టి వేసే శిక్ష అనీ, పెద్దయితే టీ తాగి తప్పించుకోవచ్చనీ అనుకుంది. అందుకే రోజూ నా గ్లాసులోంచి రెండు గుక్కలు అడిగేది, బిస్కెట్ ముంచుకోడానికి. ముద్దుగా ఉందని నేనూ ఇచ్చేవాడిని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని ఉంది. వాటిలోని టానిన్లు తిన్నదాంట్లోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. పెద్దవాళ్లకే అలా చెప్తుంటే, నేను రెండో తరగతి పిల్లకి పోస్తున్నాను.

అక్కతో ఇదంతా చెప్పుకుని బాధపడితే తను ఇంకో మాట అంది. "అది సరే గానీ, రాత్రి మీరు ఎన్నింటికి తింటార్రా?" నేను ఆరున్నరకల్లా ఇంటికి వచ్చేస్తాను. అయినా టీవీ, ఫోను, స్నానం అంటూ అన్నం దగ్గరికి వచ్చేసరికి పది అయ్యేది. పాప మధ్యలో చిప్స్ తిని, మాతో పాటు మళ్లీ పదింటికి పెరుగన్నం తినేది. "పదింటికి పడుకోబోయే ముందు తిన్న పిల్లకి, నిద్ర కళ్లతో ఆరున్నరకే లేపితే ఆకలి ఎక్కణ్నుంచి వస్తుంది?" అంది. ఇంత చిన్న లెక్క మాకు తట్టలేదు.

అక్క మాట విన్నాక నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసేవాడు, మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాం. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, పొద్దున ఆరింటికి అయిపోతుంది. ఏడు కాకుండానే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని కింద కూర్చునేవాడు. పెద్ద స్టీలు గిన్నెలో చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆయనకది రాత్రి డ్యూటీ తర్వాతి భోజనం, మాకది టిఫిన్. మమ్మల్ని తినమని ఎవరూ అనలేదు. ఆ గిన్నె చుట్టూ చేరి ఉల్లిపాయ ముక్కల కోసం కొట్టుకునేవాళ్లం. పొద్దున డ్యూటీ ('ఎ' షిఫ్ట్) వారాల్లో ఆయన చీకటితోనే వెళ్లిపోయేవాడు. "ఆ వారాల్లో మీరిద్దరూ పొద్దున నన్ను ఏడిపించేవారు" అని అమ్మ ఇప్పుడంటోంది. నిజమో, నా కథ విన్నాక కలిపిందో చెప్పలేను, అమ్మ అలాంటివి కలుపుతుంది.

సరే, మేం మార్చింది రెండే. మెనూ జోలికి పోలేదు. రాత్రి అన్నం ఎనిమిదింటికి చేశాం. ఇదే కష్టం, టిఫిన్ కాదు. మొదటి వారం నాకే పదింటికి మళ్లీ ఆకలేసి వంటింట్లో డబ్బాలు వెతికాను. రెండోది, పొద్దున 6.25కి నేను బల్ల దగ్గర కూర్చుని రెండు ఇడ్లీలు తినడం. పాప తొందరగా పడుకుంటోంది కాబట్టి ఆరింటికి లేపినా పెద్ద గొడవ చేయలేదు. పక్క కుర్చీలో కూర్చోబెట్టి, దాని ముందు కూడా ప్లేటు పెట్టాం. తిను అనకూడదని మా ఆవిడకీ నాకూ ఒప్పందం. మా ఆవిడ రెండుసార్లు ఒప్పందం తప్పింది, నేను ఒకసారి.

నాలుగు రోజులు నన్ను చూస్తూ కూర్చుంది. ఐదో రోజు తన ప్లేటులోది వదిలేసి, నా ప్లేటులో కారప్పొడి నెయ్యి అద్దిన ముక్క తీసుకుంది. తన ప్లేటులోనూ అదే ఇడ్లీ, అదే పొడి! నెలకి అటూ ఇటూగా ఒకటిన్నర ఇడ్లీకి వచ్చింది. ఇప్పటికీ దాదాపు అంతే. నేను మాత్రం ఇంట్లో ఒకటి, క్యాంటీన్‌లో ఒకటి అని రెండు టిఫిన్లు చేసి ప్యాంటు బిగుతయ్యాక, క్యాంటీన్‌లో టీతో సరిపెడుతున్నాను.

మా ఆవిడ సంగతి వేరు. దీపం పెట్టకుండా తినడం తనకి కుదరదు. దానికోసం ఇంకో అరగంట ముందు లేవమనడం నాకు న్యాయంగా అనిపించలేదు, అప్పటికే ఇంట్లో ముందు లేచేది తనే. అందుకని ఇడ్లీ ప్లేట్లు పొయ్యి మీద పెట్టడం, చట్నీ మిక్సీలో వేయడం నేను తీసుకున్నాను. ఆ టైములో తను స్నానం, పూజ కానిచ్చి, వారంలో మూడు నాలుగు రోజులు మాతో కూర్చుంటోంది. మిగతా రోజులు పాత పద్ధతే. ఆ రోజుల్లో కూడా పాప తింటోంది కాబట్టి, ఇద్దరూ కూర్చోవాల్సిందే అని నేను అనను. ఒక్కరు కూర్చున్నా చాలేమో.

అంబలి గురించి కూడా ఒక మాట. వేసవిలో అమ్మ చీపురుపల్లి దగ్గర మా ఊరి నుంచి చోడిపిండి (రాగిపిండి) తెచ్చింది. రాత్రి కాచి పెట్టి, పొద్దున మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగేది. పాప మొదటి రోజు వాసన చూసి ముక్కు మూసుకుంది. అమ్మ బతిమాలలేదు, తన గ్లాసు తను తాగింది. కొత్త రుచి పిల్లలకి పడాలంటే పది పదిహేను సార్లు ముందుకి రావాలంటారు, మా ఇంట్లో రెండు వారాలు పట్టింది. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది నాకు నచ్చింది. పాపకి నచ్చింది మాత్రం మామ్మతో పాటు ఉల్లిపాయ కొరకడం. మన ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు గుర్తుందా, అక్కడ కూడా అందరూ కలిసి కూర్చుని తాగడం వల్లే సగం పని అయి ఉంటుందని నా అనుమానం.

మీ బాబు విషయంలో, వంట మార్చే ముందు ఒక వారం రెండే కాగితం మీద రాసుకోండి. రాత్రి ఆఖరి ముద్ద ఎన్నింటికి తిన్నాడు, పొద్దున వాడి ఎదురుగా ఎవరు తింటున్నారు. ఈ రెండూ సరిగ్గానే ఉండి కూడా తినకపోతే, కొందరికి లేవగానే కడుపు తెరుచుకోదు. ఒక అరటిపండు ఇచ్చి, మిగతాది డబ్బాలో పెట్టి పంపితే బ్రేక్‌లో తింటాడు. రోజూ పొద్దున కడుపునొప్పి అంటున్నా, బరువు తగ్గుతున్నా ఇవన్నీ పక్కన పెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

అన్నట్టు, నిన్న రాత్రి గాజువాకలో పెళ్లికి వెళ్లి పదకొండింటికి భోజనం చేశాం. ఈ రోజు పొద్దున పాపా నేనూ ఎదురెదురుగా కూర్చుని, చెరో అర ఇడ్లీ తుంచి, ప్లేటు అంచు మీద పేర్చుకున్నాం.