ప్రశ్నావళి చేతికిచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వ్యక్తిత్వ రుగ్మతల (మనిషి ఆలోచన, ప్రవర్తన తీరే ఏళ్ల తరబడి ఇబ్బందిగా మారే స్థితుల) మదింపు వచ్చే నెల నుంచి నువ్వే చూడాలని రాశావు. రోగి స్వయంగా పూరించే ప్రశ్నావళుల్లో ఏది మంచిదని అడిగావు. మంచివి చాలానే ఉన్నాయి. వాటి స్కోరును ఎక్కడివరకు నమ్మాలో తెలియకపోతే మాత్రం ఏది వాడినా ప్రమాదమే.

బోర్డర్‌లైన్ లక్షణాలను (భావోద్వేగాల్లో, సంబంధాల్లో నిలకడ లేకపోవడం వంటివి) త్వరగా చూడాలంటే ఎంఎస్ఐ-బీపీడీ అనే చిన్న ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, అవును లేదా కాదు. ఏడు, ఆపైన వస్తే లోతుగా పరిశీలించాలి. పీఐడీ-5 అనే మరో ప్రశ్నావళిలో 220 వాక్యాలు, 25 స్వభావ లక్షణాలు. ఎస్‌సీఐడీ-5-పీడీ అనే, వ్యక్తిత్వ రుగ్మతల నిర్ధారణకు వాడే ఇంటర్వ్యూకు ముందు నింపించే పత్రంలో 106 ప్రశ్నలు. ఈ చివరిదాన్ని ఎందుకు తయారుచేశారో గుర్తుపెట్టుకో: రోగి ‘అవును’ అన్న చోట ఇంటర్వ్యూలో తరచి అడగడానికి. ఏ ప్రశ్నావళినైనా అలాగే వాడు. రోగనిర్ధారణ ఇంటర్వ్యూలోనే జరగాలి.

ఎందుకో ఒకసారి లెక్క వేసి చూడు. వందమంది వచ్చారని, వారిలో పదిమందికి నిజంగా రుగ్మత ఉందని అనుకుందాం. పత్రం ఆ పదిమందిలో ఎనిమిది మందిని పట్టుకుంటుంది. రుగ్మత లేని తొంభైమందిలో ఐదో వంతును, అంటే 18 మందిని, పొరపాటున చూపిస్తుంది. కటాఫ్ దాటిన 26 మందిలో 18 మందికి ఆ జబ్బే లేదన్నమాట! ఇది చెడ్డ పరికరం లెక్క కాదు, ఓ మోస్తరు మంచి పరికరం లెక్కే.

కుంగుబాటుతో వచ్చినవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త. ఆ స్థితిలో మనిషికి తన గతమంతా చీకటిగానే కనిపిస్తుంది. ‘ఎప్పుడూ ఇంతే’ అని నమ్మకంగా టిక్కు పెడతారు. ముందు కుంగుబాటుకు చికిత్స జరగనివ్వు, తేరుకున్నాక మళ్లీ నింపించు. చాలాసార్లు స్కోరు తగ్గడం చూస్తావు. ఆత్మహత్య ఆలోచనలు, చేతులు కోసుకోవడం ఉంటే మాత్రం ఏ స్కోరు కోసమూ ఆగకు, ఆ రోజే సీనియర్‌కు చెప్పు. ప్రతి ‘అవును’ దగ్గరా అడుగు: ఇది ఎప్పటి నుంచి? కాలేజీలో ఎలా ఉండేవారు? ఉద్యోగంలో, స్నేహాల్లో కూడా ఇలాగేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ తీరు రెండేళ్లో అంతకంటే ఎక్కువో కొనసాగి ఉండాలంటుంది. ఒక్క అత్తగారింట్లోనే కనిపించే కోపం వ్యక్తిత్వ రుగ్మత కాదు, ఆ ఇంటి సంగతి కూడా కావచ్చు.

ఈ ప్రశ్నలు చాలావరకు మన ఇళ్లను చూసి రాసినవి కావు. రోజువారీ నిర్ణయాలకు ఇతరుల సలహా కావాలా అని అడిగితే ఉమ్మడి కుటుంబంలోని కోడలు అవుననే అంటుంది. కూర ఏం వండాలో కూడా అత్తగారిని అడిగే చేస్తుంది కనుక. అంతమాత్రాన అది ఆధారపడే వ్యక్తిత్వమా? సొంతంగా నిర్ణయించుకునే వీలు దొరికిన చోట ఆమె ఏం చేస్తుందో కనుక్కో. దిష్టి తగిలిందనే నమ్మకమూ అంతే. స్కిజోటైపల్ లక్షణాల (వింత నమ్మకాలు, ప్రవర్తన) కింద అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 లెక్కలోకి తీసుకోమన్నది ఆ మనిషి సంస్కృతికి పొసగని నమ్మకాలనే. ఊరంతా దిష్టి తీసే చోట దానికి మార్కు వేయకు.

ఇంకో వైపూ చూడాలి. ఇతరులను మోసగించేవాళ్లు, తమలో ఏ లోపమూ చూడనివాళ్లు తక్కువ స్కోరుతో హాయిగా బయటపడతారు. వాళ్లతో బతికేవారి మాట వినాలి, అదీ రోగి అనుమతితోనే. గోప్యత రోగి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పత్రం నింపేటప్పుడు మాత్రం పక్కన ఎవరినీ కూర్చోనివ్వకు. భార్య పత్రాన్ని భర్త నింపుతున్నాడంటే దాన్ని పక్కన పెట్టేయడమే మేలు. చదవడం రానివారికి నువ్వే చదివి వినిపించు. అప్పటికప్పుడు తెలుగు చేసి చదివితే మాత్రం ఆ స్కోరును కటాఫ్‌తో పోల్చకు. జవాబులు మాటలకు పనికొస్తాయి, అంకెకు పనికిరావు.

రిపోర్టులో ‘బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత’ అని ఒకసారి రాస్తే ఆ మాట ప్రతి ఆస్పత్రికీ రోగి వెంటే వెళ్తుంది, కొన్నిచోట్ల ఆ మనిషి బాధను వినడమే మానేస్తారు. అందుకే ‘స్క్రీనింగ్‌లో కొన్ని సూచనలు కనిపించాయి, ఇంటర్వ్యూ అవసరం’ అని రాసి ఆపు. రోగికి కూడా స్కోరు అంకె చెప్పి పంపేయకు. ఏ జవాబులు నీకు ముఖ్యమనిపించాయో చెప్పి, తనేమంటుందో విను.

మొదటి రిపోర్టు పూర్తయ్యాక పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి నాకు పంపు. కలిసి చూద్దాం.

నీ మేలు కోరే,
అత్తయ్య