స్పానిష్ క్రియలకు తెలుగు దారి

ప్రశ్న: తార్నాకలో ఉంటాను. ఈమధ్యే స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. వర్తమాన కాలంలో ఒక్కో క్రియకు ఆరేసి రూపాలున్న పట్టికలను కంఠస్థం చేస్తున్నాను గాని, మాట్లాడబోతే ఏదీ సమయానికి తట్టడం లేదు. వేరే పద్ధతి ఉందా? ప్రతి వాక్యంలోనూ 'యో' (నేను) అనాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌లోకి వెళుతున్నట్టున్నారు. ఇంగ్లీషు క్రియ దాదాపు మారదు కనుక అక్కడ సర్వనామం తప్పనిసరి. తెలుగులో 'వస్తాను', 'వస్తావు' అన్నప్పుడు వచ్చేది ఎవరో ప్రత్యయమే చెబుతుంది. స్పానిష్ క్రియదీ అదే తీరు కాబట్టి, నొక్కి చెప్పవలసినప్పుడో ఇతరులతో పోల్చవలసినప్పుడో తప్ప 'యో' అక్కరలేదు.

నియత క్రియల (ఒకే సూత్రం ప్రకారం మారేవాటి) మూలరూపాలు 'ఆర్', 'ఏర్', 'ఈర్' అనే మూడింటిలో ఒకదానితో ముగుస్తాయి. దాన్ని తొలగించి, మిగిలిన ధాతువుకు పురుష ప్రత్యయం చేర్చాలి. అబ్లార్ (మాట్లాడడం) నుంచి నేను, నువ్వు, అతడు/ఆమె, మేము, మీరంతా, వారు అన్న వరుసలో ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, అబ్లాయిస్, ఆబ్లన్ వస్తాయి. ఇక్కడ దీర్ఘాలు ఊనిక ఎక్కడ పడుతుందో చూపడానికే. కొమేర్ (తినడం) నుంచి కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కొమేయిస్, కోమెన్ వస్తాయి. బిబీర్ (నివసించడం) కూడా బీబొ, బీబెస్, బీబె, బీబెన్ అంటూ కొమేర్ వెంటే నడుస్తుంది. 'మేము'కు బిబీమొస్, చనువున్న పలువురిని ఉద్దేశించే 'మీరు'కు బిబీస్ అన్న రెండు చోట్లే తేడా. ఆ రెండో రూపం ప్రధానంగా స్పెయిన్‌లోనే వాడుకలో ఉంది, లాటిన్ అమెరికాలో దాని బదులు 'వారు' రూపమే చెల్లుతుంది కనుక, మీరు నేర్చుకునేది అక్కడి స్పానిష్ అయితే తేడా ఒక్కటే మిగులుతుంది.

మనవారు తడబడేది నిజానికి 'ఆబ్ల' దగ్గర. 'మాట్లాడతాడు', 'మాట్లాడుతుంది' అని మనం విడదీసే రెండింటికీ స్పానిష్‌లో ఇదొక్కటే రూపం. పైగా ఒకరిని గౌరవంగా 'ఉస్తెద్' (మీరు) అని సంబోధించినా ఇదే వస్తుంది. మనకు 'మీరు వస్తారు', 'వారు వస్తారు' ఒకే రూపంలో ఉన్నాయి కాబట్టి ఇది వింతేమీ కాదు. సందర్భాన్నిబట్టి ఎవరో తేలనప్పుడు మాత్రం సర్వనామాన్ని చెప్పడమే మేలు.

పట్టికను పైనుంచి కిందికి వల్లించడం ఆపి, ఒకే పురుషలో అనేక క్రియలను వరుసగా పలకండి: ఆబ్లొ, కోమొ, బీబొ. 'బీబొ ఎన్ హైదరాబాద్' (హైదరాబాదులో ఉంటాను) వంటి చిన్న వాక్యాలు వెంటనే అమరుతాయి. సెర్ (అయి ఉండడం), ఇర్ (వెళ్ళడం) వంటి అనియత క్రియలను మాత్రం ఈ వరుసలో కలపవద్దు. వాటిని విడిగా నేర్చుకోవలసిందే.