పైథాన్ ప్యాకేజీకి డాక్యుమెంటేషన్ ఆటోమేట్ చేయడం: స్ఫింక్స్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

మీ ప్యాకేజీలో 40 మాడ్యూళ్లున్నాయి, రిఫరెన్స్ పేజీలు చేత్తో రాస్తున్నారు, ప్రతి రిలీజ్‌కీ అవి కోడ్ కన్నా వెనకబడిపోతున్నాయి, దీన్ని ఆటోమేట్ చేసేదెలా అని అడిగారు. పైథాన్ కాబట్టి స్ఫింక్స్ పెట్టుకోండి. పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసం గియోర్గ్ బ్రాండ్ల్ మొదలుపెట్టిన టూల్ అది, 2008 నుంచి వాడుకలో ఉంది. అయితే స్ఫింక్స్ వాడే ప్యాకేజీల్లోనూ తప్పుడు పేజీలకు కొదవేం లేదు. పేజీలు పుట్టించడం ఒక పూట పని. పేజీ తప్పయినప్పుడు బిల్డ్ ఆగిపోయేలా చేయడానికే వారాలు పడుతుంది, ఫలితం కూడా అక్కడే ఉంది.

ముందు ఆ ఒక పూట పని. డాక్స్ ఫోల్డర్‌లో స్ఫింక్స్-క్విక్‌స్టార్ట్ నడిపితే కాన్ఫ్.పీవై అనే సెట్టింగుల ఫైల్ వస్తుంది. అందులో ఎక్స్‌టెన్షన్ల లిస్టుకి ఆటోడాక్ (కోడ్‌లోని వివరణలను పేజీలోకి తెచ్చేది), ఆటోసమ్మరీ (మాడ్యూళ్ల పట్టికలు, పేజీలు తయారుచేసేది), నెపోలియన్, ఇంటర్‌స్ఫింక్స్ (వేరే లైబ్రరీల డాక్స్‌కి లింకులు కలిపేది) కలపండి. నెపోలియన్ ఉంటే డాక్‌స్ట్రింగులు, అంటే కోడ్‌లోనే ఫంక్షన్ కింద రాసే వివరణలు, గూగుల్ పద్ధతిలోనో నమ్‌పై పద్ధతిలోనో రాసుకోవచ్చు. ఇండెక్స్ పేజీలో ఆటోసమ్మరీ డైరెక్టివ్ పెట్టి, టాక్‌ట్రీ, రికర్సివ్ ఆప్షన్లు ఇచ్చి, కింద ప్యాకేజీ పేరు ఒక్కటి రాస్తే 40 మాడ్యూళ్లకూ పేజీలు వాటంతటవే వస్తాయి.

వచ్చాక చూస్తే ప్రతి పేజీలో ఫంక్షన్ పేరు, పక్కన ఒక్క లైను, అంతే. పారామీటర్లు లేవు, వివరణ లేదు. చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. డిఫాల్ట్ మాడ్యూల్ టెంప్లేట్ పట్టిక మాత్రమే ఇస్తుంది. ఆటోడాక్ డిఫాల్ట్ ఆప్షన్స్ సెట్టింగ్‌లో మెంబర్స్‌ను ట్రూ చేస్తే పూర్తి వివరాలు వస్తాయి. ఫంక్షన్‌కో పేజీ కావాలంటే టెంప్లేట్‌ను మీ టెంప్లేట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని మార్చుకోవాలి. ఇలా తయారైన ఫైళ్లను గిట్‌లో కమిట్ చేయకండి, గిట్‌ఇగ్నోర్‌లో పడేయండి. మాడ్యూల్ తీసేసినా దాని పాత పేజీ ఫైల్‌ను స్ఫింక్స్ తుడవదు. కమిట్ చేసి ఉంటే లేని మాడ్యూల్‌కి పేజీ మోస్తూనే ఉంటారు.

ఆటోడాక్ మీ కోడ్‌ను చదవదు, ఇంపోర్ట్ చేస్తుంది. సగం తలనొప్పులకు మూలం ఇదే. మాడ్యూల్ పైభాగంలో డేటాబేస్ కనెక్షన్ తెరిచే లైను ఉంటే డాక్స్ బిల్డ్ కూడా ఆ డేటాబేస్‌ను వెతుక్కుంటుంది. దాన్ని ఫంక్షన్ లోపలికి జరపండి, డాక్స్ సంగతి ఎలా ఉన్నా కోడ్‌కి అదే మంచిది. బరువైన డిపెండెన్సీలు బిల్డ్ మెషిన్‌లో లేకపోతే ఆటోడాక్ మాక్ ఇంపోర్ట్స్‌లో వాటి పేర్లు రాస్తే నకిలీవి పెట్టి నడిపిస్తుంది. సిస్.పాత్‌లో ఫోల్డర్ దూర్చే పాత చిట్కా మానేసి, బిల్డ్‌కి ముందు ప్యాకేజీని పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. అసలు ఇంపోర్ట్ చేయడమే కుదరని కోడ్ అయితే స్ఫింక్స్-ఆటోఏపీఐ చూడండి, అది కోడ్‌ను నడపకుండా చదువుతుంది. స్ఫింక్స్‌కి బదులు ఎంకేడాక్స్ అనే డాక్స్ టూల్ ఇష్టమైతే, దాని ప్లగిన్ ఎంకేడాక్‌స్ట్రింగ్స్ కూడా గ్రిఫ్ అనే లైబ్రరీ సాయంతో అదే చేస్తుంది. రన్‌టైమ్‌లో పుట్టే ఫంక్షన్లు మాత్రం వీటి కంటపడవు.

ఇంకో చిన్న మెలిక. ఫెచ్ అనే ఫంక్షన్ యూఆర్ఎల్, టైమ్‌అవుట్ తీసుకుంటుంది, దానిపైన మీరే రాసిన రీట్రై డెకరేటర్ ఉంది, అంటే ఆ ఫంక్షన్‌ను ర్యాపర్ అనే ఇంకో ఫంక్షన్‌తో చుట్టేది. డెకరేటర్ లోపలి ర్యాపర్‌కి ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ తగిలించకపోతే ఆ ఫంక్షన్ పేరూ డాక్‌స్ట్రింగూ రెండూ పోతాయి, స్ఫింక్స్‌కి కనిపించేది ర్యాపరే. డాక్‌స్ట్రింగ్ లేని ఫంక్షన్లను ఆటోడాక్ మామూలుగా వదిలేస్తుంది కాబట్టి ఫెచ్ పేజీలోనే ఉండదు, వార్నింగ్ కూడా రాదు. ఏదైనా ఫంక్షన్ మాయమైతే ముందు దాని డెకరేటర్‌ను చూడండి.

టైపులు ఒక్క చోటే ఉండాలి. ఆటోడాక్ టైప్‌హింట్స్‌ను డిస్క్రిప్షన్ అని పెడితే సిగ్నేచర్‌లోని హింట్లను పారామీటర్ల వివరణలోకి తెస్తుంది. డాక్‌స్ట్రింగ్‌లో మళ్లీ రాశారంటే ఆరు నెలల్లో ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

ఇక బిల్డ్‌ను కఠినం చేయడం. స్ఫింక్స్-బిల్డ్‌కి పెద్ద అక్షరం డబ్ల్యూ ఫ్లాగ్ ఇస్తే ప్రతి వార్నింగూ ఎర్రర్ అవుతుంది. పాత వెర్షన్లలో కీప్-గోయింగ్ కూడా జోడించండి, లేకపోతే మొదటిదాని దగ్గరే ఆగి మిగతావి చూపదు. తొలిసారి వందల్లో వస్తాయి, కంగారు పడొద్దు, చాలావరకు మూడు రకాలే. ఒకటి, జాబితాకి ముందు ఖాళీ లైను లేకపోవడం వల్ల వచ్చే అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇండెంటేషన్. రెండు, ఒకే క్లాస్‌ను అసలు మాడ్యూల్‌లోనూ, ప్యాకేజీ ఇనిట్ ఫైల్‌లో తిరిగి ఎగుమతి చేసిన చోటా రెండుసార్లు డాక్యుమెంట్ చేయడం. వాడేవాళ్లు ఇంపోర్ట్ చేసే చోటు ఉంచి, రెండోదానికి నో-ఇండెక్స్ ఇవ్వండి. మూడు, తెరిచి మూయకుండా వదిలేసిన స్టార్ గుర్తులు. మార్క్‌డౌన్ అలవాటుతో ఒక్క బ్యాక్‌టిక్ పెట్టడం వార్నింగ్ ఇవ్వదు, కానీ కోడ్ కాస్తా ఇటాలిక్స్‌లో వస్తుంది. స్ఫింక్స్ మామూలుగా చదివే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ మార్కప్‌లో రెండేసి బ్యాక్‌టిక్‌లు కావాలి. ఇవన్నీ సున్నాకి వచ్చాకే చిన్న అక్షరం ఎన్ ఫ్లాగ్, అంటే నిట్‌పికీ, జోలికి వెళ్లండి. తెగిన క్రాస్ రిఫరెన్సులన్నీ అది పట్టుకుంటుంది. బయటి లైబ్రరీల టైపుల గోల ఎక్కువైతే నిట్‌పిక్ ఇగ్నోర్‌లో పేర్లు వేసుకోవచ్చు.

ఇంత చేసినా స్ఫింక్స్‌కి తెలియనిది ఒకటుంది. డాక్‌స్ట్రింగ్‌లో టైమ్‌అవుట్ అని ఉంటుంది, కోడ్‌లో ఆ పారామీటర్ పేరు డెడ్‌లైన్‌గా మారిపోయి ఉంటుంది. స్ఫింక్స్ రెండూ పక్కపక్కనే ముద్రించి ఊరుకుంటుంది. పైడాక్‌లింట్ అనే టూల్ దీన్ని పట్టుకుంటుంది, ప్రతి కమిట్‌కి ముందు తనిఖీలు నడిపే ప్రీ-కమిట్‌లో పెట్టేయండి. డాక్‌స్ట్రింగులు ఎంత శాతానికి ఉన్నాయో ఇంటరాగేట్ అనే టూల్ లెక్క చెబుతుంది. దాని ఫెయిల్-అండర్‌ను, అంటే కనీస శాతాన్ని, ఒకేసారి 100కి ఎత్తకండి. అలా ఎత్తినచోట గెట్ యూజర్ ఫంక్షన్ కింద యూజర్‌ను గెట్ చేస్తుంది అని రాసి చేతులు దులుపుకుంటారు. ఈరోజు 63 ఉంటే 63 పెట్టండి, పెరిగినప్పుడల్లా జరపండి.

డాక్‌స్ట్రింగుల్లోని ఉదాహరణలను పైటెస్ట్ డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ ఆప్షన్‌తో నడపండి. ఫ్లోట్‌లకు ఎలిప్సిస్ ఫ్లాగ్ పెట్టండి. స్ట్రింగుల సెట్‌ను ప్రింట్ చేసే ఉదాహరణ ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలవుతుంది. స్ట్రింగుల హ్యాష్ పైథాన్ మొదలైన ప్రతిసారీ మారుతుంది కాబట్టి వరుస కూడా మారుతుంది. సార్టెడ్‌లో పెట్టి చూపిస్తే సరి. ఉదాహరణల్లో తెలుగు స్ట్రింగులుంటే వెబ్ పేజీల్లో ఏ ఇబ్బందీ లేదు, పీడీఎఫ్ దగ్గర మాత్రం డిఫాల్ట్ పీడీఎఫ్‌లాటెక్ చేతులెత్తేస్తుంది. లాటెక్ ఇంజిన్‌ను జీలాటెక్‌కి మార్చి, కోడ్ బ్లాకుల ఫాంట్‌లోనూ తెలుగు ఉండేలా చూసుకోవాలి.

వెర్షన్ నంబర్‌ను కాన్ఫ్.పీవైలో చేత్తో రాయకుండా ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా నుంచి తీసుకోండి. గిట్ ట్యాగుల నుంచి వెర్షన్ తీసే సెట్అప్‌టూల్స్-ఎస్‌సీఎం వాడుతుంటే ఒక జాగ్రత్త: గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెక్‌అవుట్ డిఫాల్ట్‌గా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది, ట్యాగులు రావు. సైట్‌పై మీ 2.4కి బదులు 0.1.డెవ్ లాంటిది కనబడితే ఫెచ్-డెప్త్‌ను 0 చేయాలని అర్థం.

హోస్టింగ్‌కి రీడ్ ద డాక్స్ సులువు. దాని యామల్ ఫైల్‌లో వెర్షన్ 2, ఓఎస్, పైథాన్ వెర్షన్, కాన్ఫ్.పీవై దారి ఇచ్చి, ఫెయిల్ ఆన్ వార్నింగ్‌ను ట్రూ చేయండి. పుల్ రిక్వెస్ట్ ప్రివ్యూ ఆన్ చేస్తే రివ్యూ చేసేవాళ్లు మారిన పేజీని కళ్లతో చూస్తారు. గిట్‌హబ్ పేజెస్‌లో బ్రాంచ్ నుంచి పెడితే రంగూ రూపూ లేని సైట్ వస్తుంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే స్టాటిక్ ఫోల్డర్‌ను అక్కడ సైట్ తయారుచేసే జెకిల్ వదిలేస్తుంది. ఎక్స్‌టెన్షన్లలో గిట్‌హబ్‌పేజెస్ చేర్చితే కావలసిన నోజెకిల్ ఫైల్ అదే రాస్తుంది.

డాక్స్‌లోని బయటి లింకులు పనిచేస్తున్నాయో చూసే లింక్‌చెక్‌ను పుల్ రిక్వెస్టులకు తగిలించకండి. ఎవరిదో సర్వర్ పడుకుంటే మీ మెర్జ్ ఆగుతుంది. వారానికోసారి షెడ్యూల్‌లో నడపండి, అదీ కనిపెట్టి ఉండండి: పబ్లిక్ రిపోలో 60 రోజులు కదలిక లేకపోతే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ను ఆపేస్తుంది, మళ్లీ యాక్షన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేసుకోవాలి.