యాప్‌లో ఎర్ర గుర్తు పడితే చాలు, బాబు రాత్రి తినట్లేదు

ప్రశ్న: మా బాబుకి పదేళ్ళు, ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు. స్కూల్లో హెల్త్ చెకప్ చేసి బరువు ఎక్కువుంది అన్నారు. నేను కేలరీల యాప్ ఒకటి వేసుకుని వివరాలు కొడితే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 23, నార్మల్ అని వచ్చింది, అయినా ఎందుకైనా మంచిదని తిన్నవన్నీ అందులో ఎక్కించడం మొదలుపెట్టాం. ఇప్పుడేమో ఎర్ర గుర్తు కనిపిస్తే చాలు రాత్రి తినను అని పడుకుంటున్నాడు, ఏదైనా తిన్నా చెప్పకుండా దాస్తున్నాడు. ఈ యాప్ తీసేయాలా? పిల్లలకి మంచిది ఇంకేదైనా ఉందా?

జవాబు: తీసేయండమ్మా, ఈరోజే. రాత్రి తినకుండా పడుకోవడం, తిన్నది దాచడం, ఈ రెండూ బరువు కన్నా ముందు చూడాల్సినవి, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా ముందు ఇదే చెప్పండి. బాబుని మాత్రం దీనికి తిట్టకండి, ఎర్ర రంగు చూస్తే తప్పు చేశానేమో అనుకునే వయసే అది.

ఇక బీఎంఐ సంగతి. యాప్ లెక్క తప్పలేదు, బరువు 45ని ఎత్తు 1.4 మీటర్లతో రెండుసార్లు భాగిస్తే 23 దగ్గరే వస్తుంది, కాకపోతే పెద్దవాళ్ళ కొలతతో చూసింది. 18.5 నుంచి 25 లోపు నార్మల్ అన్నది పెద్దవాళ్ళకే, పిల్లలకి వయసుని బట్టి, మగపిల్లాడా ఆడపిల్లా అన్నదాన్ని బట్టి చార్ట్ మారిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చార్ట్‌లో పదేళ్ళ మగపిల్లాడికి బీఎంఐ 18.5 దాటితే చాలు అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. స్కూల్లో చెప్పిందే కరెక్ట్.

అలాగని కిలోలు తగ్గించాలని కంగారు పడకండి, వాడింకా ఎదుగుతున్నాడు కదా, బరువు ఈ 45 దగ్గరే ఆగి ఎత్తు 146కి వస్తే ఒక్క కిలో తగ్గకుండానే బీఎంఐ 21కి దిగుతుంది. పెద్దవాళ్ళ కోసం తయారైన యాప్‌కి ఈ సంగతి తెలీదు, అది తగ్గు తగ్గు అంటూనే ఉంటుంది. బరువు ఆపితే చాలా, కొంచెం తగ్గించాలా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి.

పిల్లల కోసమే అని చెప్పుకున్నంత మాత్రాన కూడా నమ్మేయకండి. అమెరికాలో బరువు తగ్గించే కంపెనీ వెయిట్ వాచర్స్ వాళ్ళు 2019లో 8 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకని కుర్బో యాప్ తెచ్చారు, తిండికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ఇచ్చేది. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకున్నారని కేసు పడి, 2022లో 15 లక్షల డాలర్లు కట్టి ఆ డేటా చెరిపేయడానికి ఒప్పుకున్నారు. నిజానికి ఈ రంగుల పద్ధతి ఎప్పటిదో, లెనార్డ్ ఎప్‌స్టైన్ అనే సైకాలజిస్ట్ తయారుచేసింది, కానీ అందులో తల్లిదండ్రులు కూడా పిల్లలతో పాటు మారాలి. రంగులు మాత్రం ఉంచుకుని పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చేస్తే వాడు ఒంటరివాడైపోతాడు, నాకు బాధనిపించేది అదే.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన సూచనల్లో కూడా కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు ముఖాముఖి పనిచేయాలని ఉంది, ఆ పని యాప్ ఒక్కటే చేసేది కాదు.

ఫోన్ వాడాలనే ఉంటే మీ ఫోన్‌లో మామూలు అడుగుల లెక్క పెట్టుకుని బాబుతో కలిసి నడవండి, లెక్క మీది, ఆట వాడిది. పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆట ఉండాలి, ఈ వయసుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, కాబట్టి రాత్రి ఫోన్ వాడి గదిలో ఉండకూడదు. కొత్త యాప్ ఏది వేసినా వయసు అడుగుతోందా, మీ అనుమతి అడుగుతోందా, లొకేషన్ ఎందుకు కావాలంటోంది అని చూడండి, బరువు తగ్గకముందు, తగ్గాక అని ఫోటోలు పెట్టమనేదైతే అసలు వద్దు.

ఒకటి అడగడం మర్చిపోయాను, బాబు నిద్రలో గురక పెడుతున్నాడా? పెడుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి.