కూత కన్నా ముందు పట్టు కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తెలుగు టైటాన్స్ గురించే. ప్రొ కబడ్డీ పన్నెండో సీజన్ అయిపోయింది, ఆటగాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, అయినా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మాత్రం ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి, వేలంలో ఎవరి వెంట పడాలి అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తం టైటాన్స్‌కే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అన్నా, ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్, అలాంటి చోట పుణె చేతిలో ఓడిపోయాం. ఈసారి వేలంలో ఒక టాప్ రైడర్ మీద రెండు కోట్లు పెట్టేస్తే కప్పు మనదే కదా? మా ఫ్రెండ్స్ అందరిదీ ఇదే మాట.
— ఒక అభిమాని, రాజాం

జవాబు: కాదు తమ్ముడూ. నీ బాధ నాకు తెలుసు, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, కానీ ఈ ఆలోచనే మన జట్టుని ఇన్నేళ్లూ ముంచింది. ఆ మ్యాచ్ స్కోరు ఒకసారి గుర్తు చేసుకో. క్వాలిఫయర్-2లో పుణేరి పల్టన్ 50, మనం 45. నాకౌట్ మ్యాచ్‌లో నలభై ఐదు పాయింట్లు తెచ్చిన జట్టుకి రైడర్లు, అంటే కూతకెళ్లి పాయింట్లు తెచ్చేవాళ్లు, లేరని ఎవరైనా అంటారా? భరత్ హుడా ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. అటువైపు ఆదిత్య షిండే అనే కుర్రాడు 22 కొట్టుకుపోయాడు, మనవాళ్లు అతన్ని ఆపలేకపోయారు, మ్యాచ్ పోయింది అక్కడే.

దానికి ముందు రెండు మ్యాచ్‌లు చూడు. బెంగళూరు బుల్స్ మీద 37-32, పాట్నా మీద 46-39, రెండూ గెలిచాం, సంతోషమే. కానీ పాట్నాకి కూడా 39 ఇచ్చామన్న సంగతి గెలుపు హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఫైనల్లో అదే పుణెని దబంగ్ ఢిల్లీ 28 పాయింట్ల దగ్గర ఆపేసింది. స్కోరు 31-28. చివరి క్షణాల్లో ఆ ఆదిత్య షిండేనే పట్టుకుని మ్యాచ్ ముగించినవాడు ఇరాన్ నుంచి వచ్చిన పాతకాపు ఫజల్ అత్రాచలి, లెఫ్ట్ కార్నర్, అంటే ఎడమ చివర నిలబడి రైడర్ని పట్టేవాడు. మన మీద ఇరవై రెండు కొట్టిన కుర్రాడిని ఒక కార్నర్ ఆటగాడు ఆపాడు, కప్పు ఢిల్లీకి పోయింది. మన వేలానికి కావాల్సిన పాఠం ఇంతకన్నా ఏం ఉంటుంది?

పాత లెక్కలు కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకు. మొదటి నుంచీ మనది ఒక హీరో జట్టు. రాహుల్ చౌదరి ఉన్నన్నాళ్లూ రాహులే ఆడాలి, ప్రొ కబడ్డీలో అందరి కన్నా ముందు 500 రైడ్ పాయింట్లు దాటినవాడు అతను, అయినా ఒక్క ఫైనల్ కూడా ఆడలేకపోయాం. తర్వాత ఏడో సీజన్లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టాం. ఎనిమిదో సీజన్లో మళ్లీ అతని మీదే కోటికి పైగా పెడితే భుజానికి దెబ్బ తగిలి బయట కూర్చున్నాడు, ఆ సీజన్ మొత్తం మీద గెలిచింది ఒక్క మ్యాచ్. పదో సీజన్లో పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొన్నాం. జట్టు మొత్తానికి ఉన్న డబ్బే ఐదు కోట్లు, అందులో సగానికి మించి ఒక్కడికే! పవన్ తన పని తాను చేశాడు, రైడ్ పాయింట్లు రెండు వందలు దాటించాడు, అతన్ని అనడానికి ఏమీ లేదు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో 2 గెలిచింది. ఎనిమిది, తొమ్మిది, పది, వరసగా మూడు సీజన్లు అట్టడుగునే ఉన్నాం.

మరి పన్నెండో సీజన్లో ఏం మారింది? వేలంలో డబ్బు పంచి పెట్టారు. భరత్‌కి 81 లక్షలు, రైట్ కార్నర్ శుభం షిండేకి 80 లక్షలు, విజయ్ మాలిక్‌ని 51.5 లక్షలకి మళ్లీ మనదగ్గరే ఉంచుకున్నారు. కోటి దాటినవాడు ఒక్కడూ లేడు. ఆ జట్టే లీగ్ దశలో మొదటి నాలుగు స్థానాల్లోకి వచ్చింది. ఇన్నాళ్లకి దారి దొరికిందనుకుంటుంటే మళ్లీ రెండు కోట్ల రైడర్ ఎందుకయ్యా!

ప్రశ్న: మీరే టీమ్ మేనేజర్ అయితే ఎవరిని ఉంచుకుంటారు? ఎవరిని కొంటారు?
— డిగ్రీ విద్యార్థి, నెల్లిమర్ల

జవాబు: భరత్, విజయ్ మాలిక్, ఈ ఇద్దరినీ కదపకూడదు. విజయ్ కెప్టెన్ అయ్యాక జట్టులో ఒక నెమ్మది వచ్చింది, వెనకబడినా ఖంగారు పడడు, పాయింటు తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై రైడ్‌కి తనే వెళ్తాడు, అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత మీద అతని కాలు పడే తీరు చూడటానికే నేను కొన్ని మ్యాచ్‌లు రెండోసారి చూశాను. కవర్‌లో, అంటే కార్నర్ పక్కన నిలబడే చోట, అజిత్ పవార్‌ని కూడా ఉంచాలి. కోచ్ కృషన్ కుమార్ హుడాని మార్చమనే ఉత్తరాలు రెండు వచ్చాయి, అవి నాకు నచ్చలేదు. పదకొండో సీజన్లో పన్నెండు మ్యాచ్‌లు గెలిపించి ఏడో స్థానానికి తెచ్చాడు, ఆ మరుసటి ఏడాది ఇంకాస్త పైకి తీసుకెళ్లాడు, ఇప్పుడు మారిస్తే మళ్లీ మొదటికొస్తాం.

కొనాల్సింది మాత్రం మొదట లెఫ్ట్ కార్నర్. ఎందుకంటే, మ్యాచ్ చూసేటప్పుడు ఈసారి ఒక పని చెయ్యి. రైడర్ వైపు చూడకుండా కార్నర్‌లో నిలబడ్డవాడి కళ్లు చూడు. రైడర్ బోనస్ కోసం ఒక కాలు ముందుకి చాచి, వెనక కాలు గాల్లోకి లేపుతాడు. ఆ క్షణంలో తొందరపడే డిఫెండర్ చేతుల వైపు చూస్తాడు, చెయ్యి తగులుతుందేమోనని వెనక్కి జరుగుతాడు, బోనస్ ఇచ్చేస్తాడు. ఇంకొకడు కంగారుగా ముందే దూకుతాడు, కామెంటేటర్లు అడ్వాన్స్ ట్యాకిల్ అంటారే, అది, రైడర్ అతని మీద నుంచి గెంతి గీత దాటిపోతాడు. మంచి కార్నర్ రైడర్ నడుము చూస్తాడు. నడుము మధ్య గీత వైపు తిరిగే దాకా ఆగుతాడు, తిరగ్గానే మడమ పట్టేస్తాడు, ఆ వెంటనే పక్కనున్న కవర్ వచ్చి మీద పడాలి. ఈ రెండో మనిషి రావడం అర సెకను ఆలస్యమైతే పట్టు జారిపోతుంది. పుణె మ్యాచ్‌లో మనకి పదేపదే జరిగింది ఇదే, మొదటి చెయ్యి పడింది, రెండో మనిషి రాలేదు.

అందుకే కార్నర్ని ఒక్కడినే కొంటే చాలదు, అతనితో కలిసి ఆడే అలవాటున్న కవర్‌ని కూడా చూసుకోవాలి. అవసరమైతే ఈ జోడీ మీద కోటిన్నర పెట్టినా నేను తప్పు పట్టను. మూడో రైడర్‌కి అన్నిటికన్నా కింది డి కేటగిరీలో, పన్నెండో సీజన్లో 9 లక్షలున్న కనీస ధర దగ్గర దొరికే కుర్రాళ్లు బోలెడంత మంది ఉంటారు. రైడర్లు ఏటా కొత్తవాళ్లు పుట్టుకొస్తారు, నమ్మదగ్గ కార్నర్ దొరకడం కష్టం.

ఇంకొకటి, ఫైనల్ బిడ్ మ్యాచ్ అనే అవకాశాన్ని తెలివిగా వాడుకోవాలి. మన ఆటగాడిని వేలంలోకి వదిలినా, ఆఖరి పాట ఎంత దగ్గర ఆగిందో అంత ఇచ్చి మనమే తిరిగి తెచ్చుకోవచ్చు. విజయ్‌ని తెచ్చుకున్నది అలాగే. శుభం షిండే విషయంలో కూడా నేనైతే ఇదే చేస్తాను, 80 లక్షల కన్నా తక్కువలో దొరికితే మిగిలిన డబ్బు లెఫ్ట్ కార్నర్‌కి పనికొస్తుంది.

ప్రశ్న: పవన్‌ని మళ్లీ తెస్తే ఎలా ఉంటుంది సార్?
— పలాస నుంచి

జవాబు: పవన్ అంటే నాకు చాలా ఇష్టం. కానీ వద్దు. పన్నెండో సీజన్ వేలంలో తమిళ్ తలైవాస్ అతన్ని 59.5 లక్షలకి తీసుకున్నప్పుడు ఇక్కడ చాలామంది బాధపడ్డారు, ఆ సీజన్లో మన జట్టు ఎక్కడికి చేరిందో మనం చూశాం. ఇప్పుడున్న జంట రైడర్లని విడదీసే పని ఏదీ చెయ్యకూడదు.

ప్రశ్న: పేరుకేమో తెలుగు టైటాన్స్. అందులో ఆడేవాళ్లేమో ఎక్కువమంది హర్యానా, మహారాష్ట్ర కుర్రాళ్లు. సంక్రాంతికి మా చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా కబడ్డీ పోటీలే, మరి మన కుర్రాళ్లకి ఏటి తక్కువ?
— వ్యాయామ ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, మన కుర్రాళ్లకి ఒంట్లో తక్కువేమీ లేదు. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన గడ్డ ఇది, కరణం మల్లీశ్వరి ఈ జిల్లా ఆడపడుచే. తక్కువైంది మ్యాట్.

మన ఊళ్లలో చెడుగుడు ఇప్పటికీ మట్టిలోనే. మట్టిలో కాలు కొద్దిగా జారుతుంది, ఆ జారుడుకి తగ్గట్టే పిల్లలు అడుగు వెయ్యడం నేర్చుకుంటారు, పట్టు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మ్యాట్ మీద బూటు అలా జారదు, అంటుకుంటుంది. రైడర్ ఉన్నచోటే గిరుక్కున తిరగగలడు, డిఫెండర్ అంతకంతా వేగంగా కదలాలి. పదిహేడేళ్లు మట్టిలో ఆడి ఒక్కసారిగా రాష్ట్ర సెలెక్షన్లకి వెళ్లి మ్యాట్ ఎక్కిన కుర్రాడు మొదటి రెండు రైడ్లలోనే మోకాలు పట్టుకుని కూర్చుంటే అది వాడి తప్పెలా అవుతుంది? హర్యానాలో పిల్లలు చిన్నప్పటి నుంచే అకాడమీల్లో మ్యాట్ మీద పెరుగుతారు, పైగా అక్కడ కబడ్డీ ఆడితే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఇళ్లలో ఉంది. మన ఇళ్లలో ఆ నమ్మకం ఆర్మీ మీద ఉంది. పొద్దున్నే నాలుగున్నరకి రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లని చూడండి, వాళ్లలో ఎంతమంది సాయంత్రం కూత పెడతారో మీకు నాకన్నా బాగా తెలుసు. సర్వీసెస్, రైల్వేస్ జట్లకి కబడ్డీ ఆటగాళ్లు కావాలి, ఉద్యోగమూ ఆటా రెండూ కలిసొచ్చే దారి అది, ఈ మాట తల్లిదండ్రులకి మీలాంటి మాస్టార్లు చెబితేనే ఎక్కుతుంది.

ఇప్పుడు టైటాన్స్ యాజమాన్యానికి నా మాట. మనల్ని ఓడించిన పుణె ఏం చేసింది? యువ పల్టన్ అని సొంత అకాడమీ పెట్టుకుంది, కొత్త కుర్రాళ్ల కోటాలో అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటివాళ్లని తీసుకుని ఓపిగ్గా ఆడించింది, పదో సీజన్లో హైదరాబాద్ గచ్చిబౌలిలో, మన ఇంట్లో, కప్పు ఎత్తింది. ఆదిత్య షిండే కూడా ఆ అకాడమీ నుంచి వచ్చినవాడే. టైటాన్స్ పేరులో తెలుగు ఉంది కాబట్టి టెక్కలిలోనో గజపతినగరంలోనో ఒక మ్యాట్ పరిచి, వేసవి సెలవుల్లో ఒక కోచ్‌ని పంపి, సంక్రాంతి పోటీల్లో మెరిసిన పిల్లల్ని పిలిచి చూడాలి. వేలంలో ఒక ఆటగాడి మీద పెట్టే డబ్బులో చిన్న ముక్క చాలు దీనికి. ఊరి వాడు ఒక్కడు జట్టులో ఉంటే ఆ మండలం మొత్తం టీవీ ముందు కూర్చుంటుంది, ఇది వాళ్లకి వ్యాపారం లెక్కలో చూసుకున్నా లాభమే.

మీ వంతుగా ఒకటి చెయ్యండి మాస్టారూ. జూనియర్ పిల్లల బరువు ఇప్పటి నుంచే చూసుకోండి. జాతీయ జూనియర్ పోటీల్లో అబ్బాయిలకి బరువు పరిమితి ఉంటుంది. బాగా ఆడే పిల్లాడు తూకం దగ్గర ఆగిపోవడం కన్నా కడుపుమంట ఇంకోటి లేదు.

ప్రశ్న: హోమ్ మ్యాచ్‌లు ఎప్పుడూ వైజాగ్‌లోనే పెట్టొచ్చు కదా? మాకు రైలెక్కితే చాలు.
— బొబ్బిలి నుంచి ఒక కుటుంబం

జవాబు: పెట్టాలి. 2018 తర్వాత మళ్లీ 2025 ఆగస్టులోనే వైజాగ్‌కి ప్రొ కబడ్డీ వచ్చింది. ఇన్నేళ్లు ఆగాల్సి రావడం అన్యాయం. మొదటి రోజే తలైవాస్ చేతిలో 38-35తో ఓడిపోయినా జనం జట్టుని వదల్లేదు, యాజమాన్యం ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: మా కాలేజీలో అమ్మాయిల జట్టు ఉంది. అబ్బాయిలకి వేలం, లక్షలు, టీవీ. మాకు లీగ్ ఎప్పుడు?
— ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: చాలా సరైన ప్రశ్న తల్లీ. 2016లో ప్రొ కబడ్డీతో పాటు మూడు జట్లతో విమెన్స్ కబడ్డీ ఛాలెంజ్ అని పెట్టారు, ఫైనల్ 24-23, ఒక్క పాయింట్ తేడా, అంత బాగా సాగిన ఆటని ఆ తర్వాత కొనసాగించలేదు. 2025 నవంబరులో ఢాకాలో మన అమ్మాయిలు చైనీస్ తైపీని 35-28తో ఓడించి ప్రపంచ కప్ తెచ్చారు. ప్రపంచ కప్ గెలిచిన జట్టు ఉన్న దేశంలో వాళ్లకి పురుషుల లీగ్ లాంటి లీగ్, వేలం లేకపోవడం నాకు అస్సలు మింగుడు పడదు. లీగ్ వచ్చేదాకా మీరు ఆగొద్దు. అంతర కళాశాల పోటీల నుంచి విశ్వవిద్యాలయం జట్టుకి, అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకి వెళ్లే దారి ఇప్పుడు కూడా తెరిచే ఉంది. మీ జట్టులో కార్నర్ ఎవరు ఆడతారో, ఎలా ఆడతారో రాసి పంపండి, వచ్చే సంచికలో మీ గురించి రాస్తాను.