పసిపాపకు పొట్టలో డయాలసిస్ ఎందుకు?

ప్రశ్న: మా ఎనిమిది నెలల పాపకు విరేచనాల తర్వాత మూత్రం ఆగింది. బరువు 6 కిలోలు. పొట్టలో గొట్టం వేసి డయాలసిస్ చేస్తామంటున్నారు. పెద్దవాళ్లలా మెషిన్ మీద చేయించకూడదా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఒప్పుకోండమ్మా, ఈ వయసుకు అదే మేలు. పాప ఒంట్లో ఉండే రక్తం సుమారు 480 మిల్లీలీటర్లే. అందులో పదో వంతుకు మించి మెషిన్ గొట్టాల్లోకి వెళ్తే బీపీ పడిపోవచ్చు. పొట్టలోకైతే రక్తంలోని మలినాలను లాగే గోరువెచ్చని ద్రవం మొదట కిలోకు 10 మిల్లీలీటర్లు, అంటే 60 పోస్తారు. అరగంటో, ముప్పావుగంటో ఉంచి దింపుతారు. ఎక్కువ పోస్తే ఊపిరి ఆడదు, గొట్టం పక్కన కారుతుంది. పోసినంత తిరిగి రాకపోతే గొట్టం మెలిక పడిందేమో, ఫైబ్రిన్ (దారపు పోగుల్లాంటి ప్రోటీన్) అడ్డుపడిందేమో సిస్టర్ చూస్తారు. దిగిన ద్రవం మబ్బుగా ఉంటే మాత్రం వెంటనే చెప్పండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు. చేతులు కడుక్కోకుండా గొట్టాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.