బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు పొడుగు ఆటగాళ్లను కలిపి ఆడిస్తే స్కోరు ఎందుకు ఆగుతోంది?

ఒక కోచ్ అడిగారు: ఇద్దరినీ కలిపి ఆడిస్తే స్కోరు ఆగుతోంది, ఒకరిని కూర్చోబెడితే రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) పోతున్నాయి, మూడో పొడుగువాడు లేడు, ఏం చేయాలి?

సమస్య నిమిషాల్లో కన్నా ఇద్దరూ నిలబడే చోటులో ఎక్కువ ఉంది. ఇద్దరూ బుట్ట కిందే ఉంటే బంతిని నడిపించే గార్డుకు లోపలికి దారి దొరకదు. ఒకరిని కూర్చోబెడితే రీబౌండ్లు పోతున్నాయన్నారు కదా, అందుకని కలిపి ఆడించడం మానకండి, తగ్గించండి.

1. ఒకరు ఫ్రీత్రో గీత (బుట్టకు ఎదురుగా, కాస్త దూరంలో ఉండే గీత) దగ్గరికి రావాలి. ఇద్దరిలో పాస్ బాగా ఇచ్చేవాడే, ఎత్తు చూడొద్దు.

2. ఆట 40 నిమిషాలు, అంటే పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. కలిపి 12 చాలు: మొదటి, మూడో క్వార్టర్ల మొదట్లో నాలుగేసి, ఆట చివర్లో నాలుగు. మిగతా 28లో చెరో 14. ఒక్కొక్కరికీ 26 వస్తాయి, బుట్ట దగ్గర ఎప్పుడూ ఒకరుంటారు.

3. చాలామంది మర్చిపోయేది ఇదే: మొదటి మార్పు అలసట వచ్చాక కాదు, గడియారం చూసి చేయాలి. మొదటి క్వార్టర్‌లో ఆరు నిమిషాలు మిగిలి ఉండగానే ఒకరిని లాగేయండి. ఆలస్యం చేస్తే ఇద్దరూ ఒకేసారి రొప్పుతారు, రెండో క్వార్టర్‌లో బుట్ట ఖాళీ. నేనూ ఇలాగే ఒక మ్యాచ్ పోగొట్టుకున్నాను, పిల్లాడు చెయ్యెత్తి అడిగేదాకా ఆగి.

4. ఒకరికి రెండో క్వార్టర్‌లోనే మూడో ఫౌల్ (తప్పు) పడితే హాఫ్ (సగం ఆట) దాకా బయటే. ఐదోదానికి ఆట నుంచే అవుట్.

2023-24లో అమెరికా ఎన్‌బీఏ జట్టు మిన్నెసోటా తన పొడుగు ఆటగాళ్లు గోబేర్, టౌన్స్‌లను కలిపి ఆడించగలిగింది టౌన్స్‌కు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడేవి కాబట్టే. పైగా బెంచి మీద మూడో పొడుగువాడు నాజ్ రీడ్ ఉన్నాడు. మీకు మూడోవాడు లేడు, కాబట్టి గడియారమే దిక్కు.